దీపాల వేళ తలుపు

గోడ గడియారం ఐదు కొట్టిందంటే నా గుండెలో దడ మొదలవుతుంది. రెండేళ్లుగా ఇంతే. పిండి కలుపుతున్నా, పూలు కడుతున్నా ఒక కన్ను మా అత్త మీదే ఉంటుంది. పొద్దున్నుంచి నాలుగున్నర దాకా ఆమె మా అత్తే. చింతపండులో గింజలు తీస్తుంది, పాలవాడితో తగువు పెట్టుకుంటుంది, నా పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పకుండా ఆమెకు ముద్ద దిగదు. ఐదు దాటాక ఆ మనిషి ఎటో వెళ్లిపోతుంది. ఆమె కుర్చీలో ఇంకెవరో కూర్చుని నన్ను పరాయిదాన్ని చూసినట్టు చూస్తూ, "అమ్మా, పొద్దు పోతాంది. నన్ను ఆళ్లగడ్డ బస్సెక్కించు" అని అడుగుతుంది.

మాది నంద్యాలలో బజారు వీధి. ముందు కిరాణా అంగడి, వెనక సంసారం. అటూ ఇటూ ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి కాబట్టి పక్కలకు కిటికీలు లేవు. నడిమింట్లోకి వెలుతురు రావాలంటే మిద్దెకు పెట్టిన కంతలోంచి రావాల్సిందే. మా మామ ఉన్నన్నాళ్లూ దానికి అద్దం ఉండేది. వానకు కారుతోందని మావారు ఆ తర్వాత దాని మీద రేకు వేయించారు. అప్పటి నుంచి మిట్టమధ్యాహ్నం కూడా నడిమింట్లో ఎదుటి మనిషి ముఖం సరిగా కనపడదు. అంగడిలోంచి కాకుండా నేరుగా ఇంట్లోకి రావడానికి వెనక సందులోకి ఒక తలుపు ఉంది.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చి పాతికేళ్లయింది. వచ్చిన మొదటి సాయంత్రమే మా అత్త నన్ను దేవుని గూడు ముందు నిలబెట్టి రెండే రెండు మాటలు చెప్పింది. "దేవుని దీపం ముట్టించకముందు కరెంటు లైటు వెయ్యాకు. దీపాల యాళకి తలుపు ముయ్యాకు, లక్ష్మి వచ్చే యాళ." నాకు వంట రాకపోయినా సర్దుకుంది. పొద్దున ఆలస్యంగా లేచినా రెండు మాటలని ఊరుకుంది. ఈ రెండింటి విషయంలో మాత్రం గీత దాటనివ్వలేదు. పొద్దు పూర్తిగా వాలితేగానీ దీపం పెట్టకూడదు, దీపం పెడితేగానీ స్విచ్చి నొక్కకూడదు. అందువల్ల ప్రతి సాయంత్రం గంటసేపు మేమంతా ఆ మసకలో పీటలకూ బస్తాలకూ తగులుకుంటూ తిరిగేవాళ్లం. నా ఎడమ మోకాలి మీద ఇప్పటికీ ఒక పీట గుర్తు ఉంది. దీపం వెలిగాక అన్ని లైట్లూ ఒక్కసారి వేసి, సందు తలుపు బార్లా తీసి, ఎనిమిది దాకా అలాగే ఉంచేవాళ్లం. దోమలు కూడా లక్ష్మితో పాటే వచ్చేవి.

మా మామ పోయిన మరుసటి ఏడు మొదలైంది ఇదంతా. సాయంత్రమయ్యేసరికి అత్త కొంగులో అదీ ఇదీ మూట కట్టుకునేది. రెండు వక్కలు, ఒక దువ్వెన, ఉతికి మడిచిన జాకెట్టు.

"యాడికత్తా?" అంటే, "ఆళ్లగడ్డకు. మా నాయన అరుగు మీద కూచోని చూస్తాంటాడు" అనేది.

ఆమె పదహారేళ్లకు ఆళ్లగడ్డ నుంచి ఈ ఇంటికి వచ్చింది. ఇప్పుడు డెబ్బై ఆరు. ఆ నాయనను నేను ఫొటోలో తప్ప చూడలేదు, నేను పుట్టకముందే పోయాడు. మొదట్లో నవ్వేదాన్ని. పెద్దతనం, ఏదో గుర్తొచ్చి ఉంటుందిలే అనుకున్నాను. తర్వాత భయాలు మొదలయ్యాయి. నడిమింటి మూల చూపించి, "ఆడ ఎవురో నిలబడినారు మే. పొమ్మను" అని నా చెయ్యి పట్టుకునేది. ఆ మూల మడత మంచం ఉంటుంది, దాని మీద మావారి తువ్వాలు. మసకలో చూస్తే నిజంగానే మనిషిలా ఉంటుంది.

"అది మంచం అత్తా. ఉండు, దీపం పెట్టి లైటేస్తా" అనేదాన్ని.

ఆ ఉండమన్న గంటసేపూ ఆమె వణుకుతూ కూర్చునేది. అప్పుడే లైటు వేసి ఉంటే అది మంచమని ఆమెకూ తెలిసేది. కానీ ఇంకా దీపం పెట్టలేదు కదా. ఆమె నేర్పిన పద్ధతిని ఆమె మీదే అంత నిష్ఠగా నడిపించాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

చూసిపోయినవాళ్లు తలా ఒక మాట చెప్పారు. గాలి సోకిందన్నారు ఒకరు. ఆమె దండచేతికి తాయెత్తు కట్టించాం. నటిస్తోంది, కోడల్ని సాధించడానికి అన్నారు ఇంకొకరు. అబద్ధమెందుకు, కొన్ని రోజులు నేనూ ఆ మాటే నమ్మాను. పొద్దున నా పప్పుకు వంక పెట్టిన మనిషి సాయంత్రానికి నేనెవరో తెలియదంటే ఇంకేమనుకోవాలి.

పగలంతా ఆమెను చల్లగా చూసుకుంటున్నామనే అనుకునేవాళ్లం. మా ఊరి ఎండల సంగతి కొత్తగా చెప్పాల్సిన పని లేదు. పది దాటితే వెనక ఏసీ గదిలో కిటికీ పరదా దించేసి పడుకోబెట్టేదాన్ని. నాలుగు దాకా పడుకునేది. పాపం, నిద్రపోనీ అనుకునేవాళ్లం. సాయంత్రం దీపాలయ్యాక సీరియళ్లు మొదలయ్యేవి, ఒకటి తర్వాత ఒకటి. ఏడున్నరకు అంగడి ఫ్లాస్కులోంచి ఆమెకొక గ్లాసు టీ వచ్చేది. మావారు అంగడి కట్టేసి తొమ్మిదిన్నరకు వచ్చి, ఆమె మంచం పక్కనే కూర్చుని, వార్తల వాళ్ల అరుపులు వింటూ అన్నం తినేవారు. ట్యూబులైట్లన్నీ వెలుగుతూనే ఉండేవి. ఇక ఆమె ఎప్పుడు పడుకుంటుంది? ఆమె పడుకోకపోతే నేనెప్పుడు పడుకుంటాను? పొద్దున నా కళ్లు మూతలు పడుతుంటే పాలు పొంగి పొయ్యి ఆరిపోయేది. ఒకరోజు సాంబారులో రెండుసార్లు ఉప్పు వేసి, బాగాలేదన్న మావారి మీద గంటె విసిరాను. తగల్లేదు. తగలనందుకు కాసేపు బాధపడ్డాను కూడా.

ఆళ్లగడ్డ చూపిస్తే మనసు నిమ్మళిస్తుందేమోనని మావారికి ఒక ఆలోచన వచ్చింది. ఆమె తమ్ముడు ఆళ్లగడ్డలోనే ఉంటాడు. ఒకరోజు పొద్దున్నే కారులో బయలుదేరాం. దారి పొడవునా ఆమెకు ఎంత హుషారో. శిరివెళ్ల దాటాక ఏ పొలం ఎవరిదో, ఏ ఇంటి పెళ్లికి ఎన్ని అరిసెలు వండారో చెబుతూనే ఉంది. తమ్ముడి ఇంట్లో కడుపునిండా తిన్నది, తమ్ముడి బట్టతల మీద చెయ్యి వేసి ఆటపట్టించింది. ఆయన నన్ను పక్కకు పిలిచి, "అక్కకేమైందమ్మా, రాయి మాదిరి ఉంది గదా" అన్నాడు. మాటల్లో నా మీద అనుమానం వినపడింది. ఏదో కల్పించి చెప్పి పట్టుబడ్డదానిలా తల దించుకున్నాను.

ఐదయింది. అత్త అరుగు మీంచి లేచి కొంగు సర్దుకుంది.

"బిరీన బయల్దేరండి. పొద్దుండంగానే ఆళ్లగడ్డ చేరాల."

"అక్కా, ఇదే ఆళ్లగడ్డ" అన్నాడు తమ్ముడు.

ఆమె ఆయన వంక చూసింది. దారి తప్పు చెప్పిన మనిషిని నొప్పించకూడదన్నంత మర్యాదగా, "కాదు నాయనా. ఇది కాదు. మాది వేరే" అంది.

డెబ్బై ఏళ్ల ఆయన లోపలికి వెళ్లి చాలాసేపు ముఖం కడుక్కున్నాడు. తిరుగు దారిలో అత్త కారు అద్దానికి ముఖం ఆనించి, దాటిపోతున్న లైట్లను చూసి ఉలిక్కిపడుతూ కూర్చుంది. శిరివెళ్లలో మావారు కారు పక్కకు ఆపి, "ఆళ్లగడ్డలో కూచోని ఆళ్లగడ్డ కావాలంటే నేను యాడినుంచి తెచ్చియ్యాల" అన్నారు. కారు మళ్లీ తీస్తూ, "రేపు కర్నూలుకు పోదాం" అన్నారు. అప్పటిదాకా జబ్బనే మాట మా ఇంట్లో ఎవరూ అనలేదు. ఆ రోజు కూడా అనలేదు గానీ ఇద్దరికీ అర్థమైంది.

కర్నూలు డాక్టరమ్మ మతిమరుపు గురించి కొంచెమే అడిగింది. ఎక్కువగా అడిగింది మా రోజు గురించి. ఎప్పుడు లేస్తుంది, ఎక్కడ కూర్చుంటుంది, ఆ చోట వెలుతురెంత, సాయంత్రం ఏం చేస్తారు, లైట్లు ఎప్పుడు వేస్తారు, ఎప్పుడు తీస్తారు. దేవుని దీపం సంగతి చెప్పగానే ఆమె రాసేది ఆపి నా ముఖంలోకి చూసింది.

"గంటసేపు ఆమెను ఆ మసకలో కూర్చోబెడుతున్నారా? మనకే ఆ టైములో తువ్వాలు మనిషిలా కనిపిస్తుంది. ఆమెకు కనిపించదా? పగలంతా పరదా వేసి చీకట్లో పెట్టారు. పడుకోవాల్సిన టైముకు టీవీ, టీ, ట్యూబులైట్లు పెట్టారు. ఏది పగలో ఏది రాత్రో ఆమెకు ఎవరు చెప్పాలమ్మా?"

జబ్బు నయమయ్యేది కాదని కూడా చెప్పింది. పొద్దున ఎండలో కూర్చోబెట్టండి, పగటి నిద్ర తగ్గించండి, మసక పడకముందే లైట్లన్నీ వెయ్యండి, ఎనిమిది దాటాక తగ్గించండి, సాయంత్రాలు కొంచెం తేలికపడతాయి అంది. ఒక మాత్ర రాసింది. చివరికి నా వైపు తిరిగి, "మీరు సరిగా నిద్రపోయి ఎన్నాళ్లయింది?" అని అడిగింది. ఆ మాట నన్ను అడిగినవాళ్లు అంతవరకూ లేరు. నాకు ఏడుపొచ్చింది. మావారు గోడ మీది క్యాలెండరు చూస్తూ ఉండిపోయారు.

ఇంటికొచ్చాక మొదట మిద్దె మీది రేకు తీయించాం. కంతకు మళ్లీ అద్దం వచ్చింది. నడిమింట్లో ఇంత బూజు ఉందని అప్పుడే తెలిసి సిగ్గేసింది. రోజూ పొద్దున ఏడింటికి అత్తను మిద్దె ఎక్కించి, తూర్పు ముఖంగా కుర్చీ వేసి, తలకు నూనె రాస్తూ ఎండలో కూర్చోబెట్టేదాన్ని. మధ్యాహ్నం గంటకు మించి పడుకోనిచ్చేదాన్ని కాదు. నిద్ర రాకుండా చిక్కుళ్లు ముందు పోసేదాన్ని, ఒలుస్తూ నన్ను తిట్టేది. టీ మూడింటితో ఆఖరు. టీవీ అంగడి వెనక గదిలోకి పోయింది. దాని కోసం అత్త కన్నా మావారే ఎక్కువ బెంగపెట్టుకున్నారు.

కష్టమైంది లైట్ల దగ్గరే. మొదటి రోజు నాలుగున్నరకు స్విచ్చి బోర్డు ముందు నిలబడితే నా వేలు ముందుకు రాలేదు. దేవుని గూడులో ప్రమిద చల్లగా ఉంది. పాతికేళ్లుగా చెయ్యని పని. "తల్లీ, తప్పయితే నా మీద పెట్టు" అనుకుని కళ్లు మూసుకుని నొక్కాను. అత్త తలెత్తి చూసింది. మళ్లీ చిక్కుళ్లు ఒలుచుకుంది. మూలన మడత మంచం మడత మంచంలాగే ఉంది.

నెల తిరిగేసరికి తేడా కనపడింది. ఆళ్లగడ్డ అడగడం మానలేదు గానీ ఇరవైసార్లు అడిగేది నాలుగుసార్లకు తగ్గింది. తొమ్మిదింటికి ఆవలించేది. నేనూ పడుకున్నాను. ఎన్నాళ్లకో నాకొక కల వచ్చింది, ఏదో పనికిమాలిన కల, కానీ కల రావడమే గొప్పగా అనిపించి పొద్దున మావారికి చెప్పాను. వంటలో ఉప్పు కుదురుకుంది.

తలుపు సంగతి మాత్రం మేమిద్దరం ఎత్తలేదు. దీపం పెట్టగానే సందు తలుపు ఎప్పటిలాగే బార్లా తీసేదాన్ని. డాక్టరమ్మ లైట్ల గురించి చెప్పింది, తలుపు గురించి అడగలేదు, మేమూ చెప్పలేదు. ఇల్లు వదిలి పోతానంటున్న మనిషిని ఇంట్లో పెట్టుకుని, సరిగ్గా ఆమె పోతాననే వేళకే తలుపు తీసిపెట్టే తెలివి మాది. అయినా వెయ్యడానికి నాకు ధైర్యం చాలలేదు. దానికి కారణం ఉంది. కాపురానికొచ్చిన కొత్తలో ఒక సాయంత్రం దోమలు తట్టుకోలేక ఆ తలుపు వేశాను. వారం తిరక్కుండా మా మామ అంగడిలో నిచ్చెన మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. నీవల్లేనని అత్త ఒక్కనాడూ అనలేదు. కానీ ఆయన కుంటుతూ నడిచినప్పుడల్లా ఆమె చూపు ఒకసారి తలుపు మీదికి పోయి, అక్కణ్ణుంచి నా మీదికి వచ్చేది. ఆయన పోయేదాకా కుంటుతూనే ఉన్నాడు. అందుకని తలుపు వెయ్యకుండా, గుమ్మానికి అడ్డంగా ఒక స్టూలు పెట్టి, అదే పెద్ద కాపలా అనుకున్నాను.

కార్తీకమాసం వచ్చింది. ఆ నెలలో దీపాలు ఎక్కువ. గూడులో, తులసి దగ్గర, గుమ్మానికి రెండు పక్కలా. ఆ రోజు అత్త కుర్చీలో బాగానే కూర్చుని ఉంది. రెండుసార్లు ఆళ్లగడ్డ అడిగి ఊరుకుంది. నేను గూడులో మొదటి దీపం పెట్టి, సందు తలుపు తీసి గుమ్మం దీపాలు పెట్టి వచ్చి, గూడు ముందు కూర్చుని మిగతా ఒత్తులు వెలిగిస్తున్నాను. గాలికి రెండు ఆరిపోతే మళ్లీ వెలిగించాను. దండం పెట్టుకుని తిరిగి చూస్తే కుర్చీ ఖాళీ.

స్టూలు గోడకు ఆనించి ఉంది. ఎవరి కాళ్లకూ తగలకుండా జాగ్రత్తగా జరిపి వెళ్లింది. లైట్ల వెలుతురులో ఆమెకు అది బాగా కనపడింది కదా. గుమ్మానికి రెండు పక్కలా నేను పెట్టిన దీపాలు వెలుగుతున్నాయి. ఆమె చెప్పులు అక్కడే ఉన్నాయి.

అంగడిలో మావారు బండిఆత్మకూరు నుంచి వచ్చినవాళ్లకు కందిపప్పు తూస్తున్నారు. నేను "అత్త లేదు" అన్నాను, అంతే. తూకంలో పప్పు అలాగే వదిలేసి పరిగెత్తారు. ఆయన చౌకు వైపు, నేను బస్టాండు వైపు. కార్తీకంలో పొద్దు వాలడమే ఆలస్యం, చీకటి పడిపోతుంది. రోడ్డు మీదికి వచ్చేసరికి ఎదురుగా వచ్చే ప్రతి బండి లైటూ నా కళ్లలో పడుతోంది. నాకే దారి కనపడటం లేదు, ఆమెకెలా కనపడుతుంది. కనపడ్డవాళ్లందర్నీ అడిగాను, తెల్ల జుట్టు, ముదురాకుపచ్చ చీర, కాళ్లకు చెప్పులుండవు. లారీ ఏదైనా గట్టిగా బ్రేకు వేసిన శబ్దం వినిపిస్తే అక్కడే నిలబడిపోయేదాన్ని. అప్పుడు నేను మొక్కని దేవుడు లేడు.

ఆమె బస్టాండు గేటు దగ్గర, పూలమ్మే ఆమె గంప పక్కన, గోనెపట్టా మీద కూర్చుని ఉంది. మడమ నుంచి నెత్తురు కారుతోంది. పూలామె ఒక గుడ్డ చుట్టి కట్టింది.

"ఆళ్లగడ్డ బస్సెక్కి కూచునిందంట, కండక్టరు ఆధార్ కార్డు అడిగితే లేదనిందంట. అతనికి అనుమానమొచ్చి దింపి నాకాడ కూచోబెట్టి పోయినాడు" అంది పూలామె.

ఆడవాళ్లకు బస్సు ఉచితమైన పుణ్యాన టిక్కెట్టు అడగలేదు, కార్డు అడిగారు. ఆ కార్డు నా బీరువాలో ఉండబట్టి మా అత్త బతికింది.

నేను ఆమె ముందు కూలబడ్డాను. ఆమె నన్ను గుర్తుపట్టలేదు. ఏడుస్తున్న పరాయి ఆడమనిషిని చూసి జాలిపడి, నా భుజం మీద చెయ్యి వేసింది.

"ఏడవాకమ్మా. నాకూ ఇంటికాడ ఒక కోడలుంది. దానికి చెప్పకుండా వచ్చినా. అది ఇట్లనే ఏడుస్తాంటాది" అంది.

పాతికేళ్లలో ఆమె నా గురించి ఇంత మెత్తగా మాట్లాడటం నేను వినలేదు. వినాల్సిన సమయం అదా.

ఆసుపత్రిలో మడమలోంచి గాజుపెంకు తీసి కుట్లు వేశారు. మర్నాటి నుంచి దీపాల వేళకు మావారు అంగడి వదిలి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. సాయంత్రమే బేరమంతా. మూడు రోజులు కూర్చున్నారు. నాలుగో రోజు అంగడికి వచ్చినవాళ్లు పిలుస్తుంటే అటూ ఇటూ తిరిగారు. తలుపు వెయ్యమని ఆయన అనరు, వేస్తానని నేను అనను. రాత్రి భోజనం దగ్గర ఇద్దరం చిన్న లైటు కింద తలలు వంచుకుని తిన్నాం.

ఐదో రోజు పొద్దున మిద్దె మీద ఎండలో ఆమె మడమకు మందు రాస్తున్నాను. ఆమె ముఖం తేటగా ఉంది.

"ఈ దెబ్బ ఎట్ల తగిలింది మే?"

"నీళ్లింట్లో జారినావత్తా."

"నీళ్లింట్లో గాజుపెంకు యాడిది?"

నేను మందు మూత బిగించాను. ఆమె నా చెయ్యి పట్టుకుని పైకి తిప్పింది. మణికట్టు మీద గోరు గీతలున్నాయి. బస్టాండు నుంచి ఇంటికి రానని పెనుగులాడినప్పుడు పడినవి.

"ఇవి నాయే గదా. సాయంత్రం పూట నేనేం చేస్తాండా? నిజం చెప్పు."

చెప్పాను. మూల మనిషి దగ్గర్నుంచి పూలామె దాకా అన్నీ చెప్పాను. ఆమె ఎండ వైపు ముఖం పెట్టి విన్నది. తర్వాత అంది.

"తలుపెయ్ మే."

"దీపాల యాళా?"

"ఆ యాళనే. లక్ష్మి వస్తే తలుపు తట్టుతాది. నేను పోతే తిరిగొచ్చేది నాకు తెలీదు."

ఇన్నేళ్లుగా లోపల దాచుకున్నది ఒక్కసారిగా బయటికొచ్చింది. "మామ కాలు..." అన్నాను.

"మీ మామ కాలు తలుపేసినందుకు ఇరగలేదు. పుచ్చిపోయిన నిచ్చెన, ఎక్కొద్దంటే ఎక్కినాడు. నాకు అప్పుడే తెలుసు."

"మరి ఇన్నేండ్లూ చెప్పలేదేమత్తా?"

"చెప్తే నువ్వు రోజూ తలుపేస్తావు గదా" అంది, కాలు నా ఒళ్లోంచి తీసుకుంటూ.

నవ్వాను, ఏడ్చాను, కిందికి దిగి మావారికి చెప్పాను. ఆయన తలాడించి, అంగడిలోకి వెళ్లి, గొళ్లేనికి కొత్త మరలు తెచ్చి బిగించారు.

ఆ సాయంత్రం నాలుగున్నరకు లైట్లు వేశాను. పొద్దు వాలాక దీపం పెట్టాను. లేచి వెళ్లి సందు తలుపు దగ్గరికి లాగి గొళ్లెం పెట్టాను.

చప్పుడు విని అత్త కుర్చీలోంచి లేచింది. కుంటుకుంటూ వచ్చి మూసిన తలుపు చూసింది, నన్ను చూసింది.

"దీపాల యాళ తలుపేసినావా? ఇల్లు ముంచేదానా. తియ్."

"నువ్వే వెయ్యమన్నావత్తా. పొద్దున మిద్దె మీద చెప్పినావు."

"నేనా? నేను చచ్చినా చెప్పను. ఎవురు నువ్వు? మా ఇంటి తలుపు ముయ్యనీకె నువ్వెవురు?"

రెండు చేతులతో తలుపు మీద కొట్టింది. నేను అడ్డం నిలబడితే నా మీద కొట్టింది. గోళ్లు మళ్లీ పాత గీతల మీదే దిగాయి. అలిసి కూలబడేదాకా తలుపుకు వీపు ఆనించి నిలబడే ఉన్నాను. నేల మీద కూర్చుని గుమ్మం పట్టుకుని, లోపలికి రాలేకపోతున్న ఎవరికోసమో, "వస్తాండా తల్లీ, తీస్తాండా" అంటూనే ఉంది. నేనూ పక్కన కూర్చుని ఆమె తల ఒళ్లో పెట్టుకున్నాను. తెల్లారి ఎండలోకి తీసుకెళ్లగానే ఆమెతో చెప్పాలి, తలుపు వేశానత్తా అని.